ఏం నొక్కితివి?

కొత్త కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే ఇంట్లో అందరూ మొదట అడిగే ప్రశ్న ఇది. అడిగేది కంప్యూటర్‌ని కాదు, దాని ముందు కూర్చున్న మనిషిని. ఈ ప్రశ్నే తప్పని నా అభిప్రాయం. దాన్ని ఊళ్ళకి ఎక్కించింది కూడా నాబోటి సాఫ్ట్‌వేర్ వాళ్ళమే.

కణేకల్లో మా అన్న, కాలవ కింద పండిన వడ్లు అమ్మిన దుడ్లతో కూతురికి కంప్యూటర్ కొనిచ్చాడు. బీటెక్ చివరి ఏడాది, ప్రాజెక్టు చేసుకోవాలి. వారం తిరక్కుండానే అది తనంతట తాను ఆఫ్ అయి ఆన్ అవడం మొదలు. కొన్నిసార్లు నీలం తెర. ఫోన్ చేస్తే నేను ఆఫీసులో మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య, "వైరస్ అయ్యుంటుంది, ఫార్మాట్ కొట్టించు" అన్నాను. కొట్టించారు. మళ్ళీ అదే. మళ్ళీ కొట్టించారు, మళ్ళీ దుడ్లు. ఈలోగా ఇంట్లో తీర్పు అయిపోయింది: పిల్ల గేములాడి చెడగొట్టింది. మా వదిన దాని మీద గుడ్డ కప్పి, ఇంక ముట్టొద్దంది.

"చిన్నాయనా, నేనేమీ నొక్కలేదు" అని ఆ పిల్ల నాకు మూడుసార్లు చెప్పింది. నమ్మలేదు. పదిహేనేళ్ళుగా యూజర్లు చెప్పేది నమ్మకపోవడమే ఉద్యోగంగా బతుకుతున్నా మరి.

సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ముందు నా అనుమానం వేదవతి ఇసుక మీద. గాలికాలంలో కణేకల్, బొమ్మనహాళ్ వైపు ఇళ్ళల్లోకి ఇసుక ఎట్లా వస్తుందో తెలిసినవాళ్ళకి తెలుసు. క్యాబినెట్ విప్పి చూశాను. ఫ్యాన్ మీద సన్నటి పొర, అంతే. వేడి కూడా మామూలుగానే ఉంది.

ఎప్పుడెప్పుడు ఆగిందో రాసిపెట్టుకోమని చెప్పబోతే, ఆ పిల్ల ప్రాజెక్టు నోటుబుక్ వెనక పేజీ తీసి చూపించింది. తేదీ, టైము, పక్కన 'నీలం' లేదా 'నలుపు'. రెండు రకాలని తనే విడదీసింది! మేం ఆఫీసుల్లో దీనికి పెద్ద పెద్ద టూల్స్ కొంటాం.

నలుపువన్నీ పొద్దున ఆరు, సాయంత్రం ఆరు దరిదాపుల్లో. అంటే వదిన ట్యాంకుకి మోటారు వేసే టైము. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో అదే నిమిషాలకి 'కెర్నెల్-పవర్ 41' ఉంది, బగ్‌చెక్ కోడ్ సున్నా. చాలాసార్లు దీని అర్థం, విండోస్‌కి ప్రాణం పోయే ముందు ఒక్క ముక్క రాసే టైము కూడా దొరకలేదని. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఇంట్లో వోల్టేజి ఒక్క క్షణం పడిపోతుంది. పడగానే యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది. ఆ యూపీఎస్ పాత కంప్యూటర్‌ది, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కాపాడాల్సిందే చంపుతోందన్నమాట.

నీలం సంగతి వేరే. ప్రతిసారీ కొత్త కోడ్. ఒకే డ్రైవర్ తప్పయితే తరచూ అదే పేరు కనిపిస్తుంది. రోజుకో పేరు చెబుతుంటే మెమరీని అనుమానించాలి. రాత్రంతా మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకున్నాం. తెల్లారేసరికి తెర ఎర్రగా ఉంది, నిండా ఎర్రర్లు. బయోస్‌లోకి పోతే ఎక్స్ఎంపీ ఆన్‌లో ఉంది. అంటే ర్యామ్‌ని మామూలు వేగం కంటే పైన నడిపించే సెట్టింగ్. 'స్పీడు' కోసం అంగడివాళ్ళే ఆన్ చేసి పంపారట. ఆఫ్ చేసి రెండో రాత్రి నడిపితే ఒక్క ఎర్రర్ లేదు.

పేరుమోసిన వాళ్ళకీ ఇదే గతి. 2022లో లైనస్ టోర్వాల్డ్స్ మెషీన్ ఉన్నట్టుండి తప్పులు చేస్తుంటే ఆయన ముందు అనుమానించింది తన లైనక్స్ కెర్నెల్ కోడ్‌నే. తీరా చూస్తే చెడింది ర్యామ్. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ ఇంకా విచిత్రం. గేములు ఆగిపోయి 'వీడియో మెమరీ చాలలేదు' అని మెసేజ్ వచ్చేది, జనం గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకున్నారు. అసలు దోషం ప్రాసెసర్‌కి అందే వోల్టేజిలో. ఆగస్టులో మైక్రోకోడ్ మార్చి, వారంటీ ఇంకో రెండేళ్ళు పెంచారు. వీళ్ళ మాట కనీసం విన్నారు. కణేకల్లో ఒక ఆడపిల్ల చెబితే వినడానికి ఎవరున్నారు?

ఇంకోటి. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి చిమచిమ. "అది ఫస్టు నుంచీ అంతే" అన్నారు ఇంట్లో! మూడో పిన్ను వెనక వైరే లేదు. ఎస్సెంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230లో దాదాపు సగం వోల్టేజి నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి చిమచిమతో సరి, కానీ లోపల ఇన్సులేషన్ పోయిన రోజు కాపాడేది ఎర్త్ ఒక్కటే. క్రాష్‌లకి ఇది కారణం అనను, కాదు కూడా. కానీ ఉన్నవాటిలో అన్నిటికంటే ప్రమాదం ఇదే. ఎలక్ట్రీషియన్ వచ్చి గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, పైపు దించాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని జిల్లాలో ఆ గుంతకి ఎండాకాలమంతా నీళ్ళు పోస్తుండాలి. ఎండిన నేల కరెంటుని పోనివ్వదు.

అందుకే అంటున్నా, కంప్యూటర్ అమ్మేవాళ్ళు ఒక రాత్రి మెమరీ టెస్ట్ చేసి ఆ ఫలితం బిల్లుతో పాటే ఇవ్వాలి. ఇంట్లో మూడో పిన్నుకి వైరుందా అని అడగాలి. అద్దాల పెట్టెలో రంగు లైట్లు తర్వాత. ఇక మాలాంటివాళ్ళు ఫోన్‌లో 'ఫార్మాట్' అనే ముందు, పోయినవి ఎప్పుడు పోయాయి, ఎట్లా పోయాయి అని రెండు ప్రశ్నలైనా అడగాలి.

నేను అడగలేదు. క్రాష్‌లలో ఆ పిల్లకి పోయింది సేవ్ చెయ్యని పదేసి నిమిషాల పని. నేను కొట్టించమన్న మొదటి ఫార్మాట్‌లో పోయింది నెలరోజుల ప్రాజెక్టు. కాపీ ఉందా అని కూడా అడగలేదు నేను. మొదట్నుంచీ మళ్ళీ రాసుకుంటోంది. వెళ్ళొస్తానని చెబితే తెర మీంచి తల తిప్పకుండానే, "చిన్నాయనా, ఆ పక్కనున్న చెంబు నీళ్ళు పోతా పోతా గుంతలో పొయ్యి" అంది.