రైతుకు హఠయోగం అక్కరలేదా?

"పొద్దున లేసినప్పట్నుంచి వంగేదీ, లేసేదే మా పని. ఇంగ మాకు ఆసనాలెందుకప్పా?" సంజామల ప్రాంతంలో ఏ రైతు దగ్గర యోగం మాట ఎత్తినా వచ్చే జవాబు ఇదే. మా నాయనా ఇదే అంటాడు. ఇటు పట్నాల్లో చూస్తే జూన్ 21 వచ్చిందంటే చాలు, వేదిక, మైకు, బ్యానరు, ఫోటోలు. 2014లో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది, 2015 నుంచి లోకమంతా జరుపుకుంటోంది. సంతోషమే. ఐతే పొలంలోని రైతూ, వేదిక మీది ఉపన్యాసకుడూ ఇద్దరూ హఠయోగాన్ని ఒంటి కసరత్తు అనే అనుకుంటున్నారని నా అభిప్రాయం. ఒకరు అందుకే వద్దంటున్నారు, మరొకరు అందుకే రమ్మంటున్నారు.

ఇది ఎక్కడో హిమాలయాల్లోంచి మనకు దిగుమతి అయిన విద్య అనుకునే మిత్రులు ఒకసారి శ్రీశైలం వెళ్ళి, మల్లికార్జునుని ఆలయ ప్రాకారం చుట్టూ నిదానంగా నడవాలి. విజయనగర కాలపు ఆ గోడ రాళ్ళ మీద సిద్ధులు, యోగులు రకరకాల ఆసనాల్లో ఉన్నారు. (దర్శనం తొందరలో తల తిప్పి చూసేవాళ్ళం తక్కువ.) 15వ శతాబ్దంలో గౌరన 'నవనాథ చరిత్ర'ను ద్విపదలో రాసింది శ్రీశైలం భిక్షావృత్తి మఠం ఆశ్రయంలోనే. నాటకాల్లోనూ, సినిమాలోనూ మన పెద్దలను ఏడిపించిన సారంగధరుడు ఆ కావ్యంలో చౌరంగి అనే సిద్ధుడవుతాడు. అదే శతాబ్దపు సంస్కృత గ్రంథం, స్వాత్మారాముని 'హఠయోగ ప్రదీపిక', ఆరంభంలో పేర్కొన్న సిద్ధుల వరుసలో ఈ చౌరంగి ఉన్నాడు, శ్రీశైలంతో ముడిపడిన అల్లమ ప్రభువూ ఉన్నాడు. కావున ఇది మన గడప దగ్గరి విద్యే.

ఆ ప్రదీపికలో వర్ణించిన ఆసనాలు పదిహేనే. వాటిలోనూ ముఖ్యమైనవి నాలుగే, అవన్నీ కూర్చునేవే. అసలు ఆసనాల కంటే ముందే యోగి ఎక్కడ ఉండాలో చెబుతాడు స్వాత్మారాముడు. రాజ్యపాలన బాగుండాలి, దేశం సుభిక్షంగా ఉండాలి, ఉపద్రవాలు ఉండరాదు. అలాంటి చోట ఆవుపేడతో అలికిన చిన్న గుడిసె, చిన్న వాకిలి, బయట ఒక బావి. డొక్కల కరువు పేరు ఇంకా మరువని సీమలో పుట్టినవాడికి ఈ 'సుభిక్షం' షరతు వెంటనే కంటబడుతుంది. తిండి గింజల తర్వాతే ఊపిరి సాధన. ఆకలిగొన్నవాడికి ప్రాణాయామం బోధించేవారు ఈ శ్లోకం దాటేసి చదువుతారు కాబోలు!

ఆహార నియమాల దగ్గర మాత్రం మా ఊరు ఊరంతా ఫెయిలే. కారం, పులుపు, ఉప్పు, నువ్వులు, నూనె, వెల్లుల్లి, ఉలవలు, పెరుగు, చివరికి మజ్జిగ కూడా అపథ్యం. గోధుమ, వరి అన్నం, పాలు, నెయ్యి, పెసలు పథ్యం. జొన్న రొట్టె, ఊరిమిండి తిని బతికేవాళ్ళు ఏం కావాలి? ఈ పట్టికను పట్టుకుని కూర్చోనక్కరలేదు. కడుపులో నాలుగో వంతు ఖాళీగా ఉంచమన్న మాట ఒక్కటి తీసుకుంటే చాలు. అలాగే యోగి స్త్రీకి దూరంగా ఉండాలన్న మాట మఠాల్లోని వారికి చెప్పినది. కలుపు తీసి నడుము పట్టేసిన మా అమ్మలకు, అక్కలకు ఈ విద్య మగవాళ్ళ కంటే ముందు కావాలి.

ఇక అసలు సంగతి. సాధకుడు మానవలసినవాటిలో 'కాయక్లేశం' ఒకటని ప్రదీపిక చెబుతుంది. అంటే ఒంటిని హింస పెట్టడం. దీనికి 19వ శతాబ్దంలో 'జ్యోత్స్న' అనే వ్యాఖ్య రాసిన బ్రహ్మానందుడు రెండు ఉదాహరణలు ఇచ్చాడు. అతిగా సూర్యనమస్కారాలు చేయడం ఒకటి, పెద్ద బరువులు మోయడం రెండోది. చూశారా! నూటెనిమిది నమస్కారాల పోటీ పెట్టే పట్నమూ, క్వింటాలు మూటలెత్తే పల్లె కూడా ఒకే గాటన పడ్డాయి. ఒళ్ళు విరుచుకునే యోగం జెట్టీల సాము పాటి కూడా చేయదని మన వేమన ఎగతాళి చేసింది ఊరికే కాదు. కాబట్టి మా నాయన మాటకు నా జవాబు ఇది: పొలం పని యోగం కాదు, పొలం పని చేసేవాడికే యోగం కావాలి. వెల్లకిలా పడుకునే శవాసనం అలసటను పోగొడుతుందని, మనసుకు విశ్రాంతినిస్తుందని ప్రదీపికే చెప్పింది. గట్టు మీద చెట్టు నీడన తువ్వాలు పరచుకునే రైతుకు అది సగం వచ్చినట్టే.

శ్వాస గూర్చి సైన్సు విద్యార్థిగా ఒక మాట. "లోతుగా పీల్చండి, ఆక్సిజన్ పెరుగుతుంది" అని మైకుల్లో చెబుతుంటారు. ఆరోగ్యవంతుని రక్తంలోని హిమోగ్లోబిన్ మామూలు శ్వాసలోనే 95 శాతం దాకా ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. గబగబా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, మెదడు రక్తనాళాలు ముడుచుకుని కళ్ళు తిరుగుతాయి. మేలు చేసేది నిదానమే. వదిలే ఊపిరి పొడుగైనప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. సింహాన్నీ ఏనుగునూ మచ్చిక చేసినట్టు ప్రాణాన్ని మెల్లమెల్లగా వశం చేసుకోవాలని, తొందరపడితే ఎక్కిళ్ళు, దగ్గు, తలనొప్పి వస్తాయని పాతవాళ్ళే హెచ్చరించారు. మేమూ కొత్త కోడెకు మొదటి రోజే మడక కట్టం కదా. అదే గ్రంథం మయూరాసనం విషాన్ని సైతం అరిగిస్తుందనీ అంటుంది. అది నేను నమ్మను, పురుగుమందులు కొట్టే మా పల్లెల్లో ఎవరూ నమ్మకూడదు. రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఊపిరి బిగబట్టే జోలికి పోరాదు.

మరో చిత్రం. యోగాభ్యాసం వసంతంలోనో, శరత్తులోనో మొదలుపెట్టాలని, గ్రీష్మ వర్షాల్లో ఆరంభిస్తే రోగాలొస్తాయని 'ఘేరండ సంహిత' మాట. ఆ లెక్కన జూన్ 21 కొత్తవాళ్ళకు పనికిరాదు. మా రైతుకు అసలే కుదరదు, అది విత్తనాల వేళ. వసంతమైతే శనగ కోతలు ముగిసి, కళ్ళాలు ఖాళీ అయి, ఉగాదికి మనుషులు ఇళ్ళ దగ్గర ఉంటారు. మన యూనియన్ వారు, ఎన్.ఎస్.ఎస్. వారు ఈసారి శిబిరం అప్పుడు పెట్టాలని కోరుతున్నాను. వేదిక వద్దు, మైకు వద్దు. శవాసనం, నిదానంగా ఊపిరి వదలడం, నడుముకు నాలుగు సులువైన ఆసనాలు, తెలిసిన గురువు ఒకరు. వారం రోజులు చాలు. చోటు, చాపలు నేను చూస్తాను. నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం మీదే ఉంది సంజామల.