డిస్క్ మనది, షరతులు ఎవరివి?

ఇంట్లోని పాత కంప్యూటర్‌లో సినిమాలు, పెళ్లి వీడియోలు దాచుకుని టీవీలోనో ఫోన్‌లోనో చూసుకునే వాళ్లకు ప్లెక్స్ బాగా తెలిసిన పేరు. అది కంపెనీ సరుకు. అదే పని చేసే జెల్లీఫిన్ ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు. రెండింటినీ పోల్చేవాళ్లు చాలావరకు ధర దగ్గరే ఆగిపోతారు. కానీ రేపు షరతులు మారితే వాడేవాళ్ల చేతిలో ఏం మిగులుతుందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

2025 ఏప్రిల్ 29న ప్లెక్స్ జీవితకాల చందాను 119.99 డాలర్ల నుంచి 249.99 డాలర్లకు పెంచింది. ఇంటి బయట నుంచి సొంత సర్వర్‌లోని వీడియో చూడాలన్నా అప్పటి నుంచి ఎవరో ఒకరు చందా కట్టాల్సిందే. డిస్క్ మనది, కరెంటు బిల్లు మనది, ఇంటర్నెట్ మనది. అయినా ఆ నిర్ణయంలో మన మాటకు చోటు లేదు. 2018లో ఎంబీ అనే మరో సర్వర్ తన సోర్స్ కోడ్‌ను మూసేసినప్పుడు జరిగింది వేరు. అప్పటిదాకా బహిరంగంగా ఉన్న కోడ్‌ను కొందరు తీసుకుని జెల్లీఫిన్‌ను మొదలుపెట్టారు. ఆ కోడ్‌కున్న జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు ఇచ్చిన హక్కు అది. (ప్లెక్స్ కూడా ఎక్స్‌బీఎంసీ అనే ఓపెన్ సోర్స్ ప్లేయర్ నుంచి పుట్టిందే మరి!)

కంపెనీ అయితే భద్రత చూసుకుంటుందని కొందరంటారు. ప్లెక్స్ ఖాతాల సమాచారం బయటికి పోయి 2022లో ఒకసారి, 2025లో మరోసారి పాస్‌వర్డులు మార్చుకోమని ఆ కంపెనీయే చెప్పాల్సి వచ్చింది. జెల్లీఫిన్‌కూ లోపాలున్నాయి, 2023 ఏప్రిల్‌లో 10.8.10 వెర్షన్‌ను భద్రత కోసమే హడావుడిగా విడుదల చేశారు. కాకపోతే అక్కడ ఖాతాలు ఎవరి సర్వర్‌లో వారివే. అప్‌డేట్ చేసుకునే బాధ్యతా వాళ్లదే.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. మన దేశంలో చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు పంచుతాయి కాబట్టి బయటి నుంచి ఇంటి సర్వర్‌ను నేరుగా చేరడం కుదరదు. గుంటూరులోని ఇంటి సర్వర్‌ను డాలస్‌లో ఉన్న కూతురు జెల్లీఫిన్‌తో చూడాలంటే రెండు చోట్లా టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకోవాలి. ప్లెక్స్ తన రిలే ద్వారా, నాణ్యత తగ్గినా, ఆ బాధ తప్పిస్తుంది. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్లు లేకపోతే డబ్బు కట్టడం తప్పేమీ కాదు. అయితే వీడియోలున్న అదే ఫోల్డర్‌ను జెల్లీఫిన్‌కూ చూపించి ఉంచుకోవచ్చు. ఎంతవరకు చూశామన్న లెక్క దానంతటది ఇటు రాదు గానీ, ఫైళ్లను కదిలించాల్సిన పని ఉండదు.