వైఫై రాకపోతే ఓఎస్ మార్చేస్తారా?

లాప్‌టాప్‌లో లినక్స్ వేశారు. అంతా బాగానే ఉంది, వైఫై ఒక్కటే రావట్లేదు. ఇలాంటప్పుడు మన విద్యార్థుల్లో చాలామంది చేసేది ఒకటే... ఉన్నది చెరిపేసి ఇంకో రకం లినక్స్ వేయడం. అదీ కుదరకపోతే మళ్లీ విండోస్. సిస్టమ్స్, ఎంబెడెడ్ ఉద్యోగాలు కోరుకునేవారు మాత్రం ఇక్కడ కాసేపు ఆగాలి. చాలాసార్లు అక్కడ పాడైందేమీ ఉండదు. ఒక ఫైలు లేదు, అంతే.

వైఫై కార్డులో చిన్న ప్రాసెసర్ ఉంటుంది. అది నడవాలంటే దానికీ ఒక ప్రోగ్రామ్ కావాలి. అదే ఫర్మ్‌వేర్. చాలా కార్డుల్లో ఇది శాశ్వతంగా ఉండదు. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ దాన్ని డిస్క్ నుంచి తీసి కార్డులోకి ఎక్కించాలి. డ్రైవర్ కెర్నల్‌తో పాటే వస్తుంది, ఫర్మ్‌వేర్ రాదు. ఒకప్పుడు కొన్ని ఫర్మ్‌వేర్ ఫైళ్లు కెర్నల్ సోర్స్‌లోనే ఉండేవి. 2017లో వచ్చిన 4.14 వెర్షన్‌లో ఆ ఫోల్డర్‌ను తీసేశారు. ఇప్పుడు వాటికి లినక్స్-ఫర్మ్‌వేర్ అనే విడి రిపాజిటరీ ఉంది.

ఎందుకీ వేరు కాపురం అంటారా? అసలు పేచీ లైసెన్సు దగ్గర. కెర్నల్ జీపీఎల్ కింద ఉంటుంది, సోర్స్ అందరికీ ఇవ్వాలి. ఫర్మ్‌వేర్‌కు చాలా కంపెనీలు సోర్స్ ఇవ్వవు, బైనరీని పంచుకోవడానికి అనుమతిస్తాయంతే. పైగా వేరుగా ఉంటే కెర్నల్‌ను ముట్టుకోకుండానే ఫర్మ్‌వేర్‌లోని లోపాన్ని సరిదిద్దొచ్చు.

ఈ విషయంలో డెబియన్ చాలాకాలం పట్టుదలగా ఉంది. సోర్స్ లేని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. ఫలితం? వైఫై రావాలంటే ఫర్మ్‌వేర్ డౌన్‌లోడ్ చేయాలి, డౌన్‌లోడ్ చేయాలంటే వైఫై రావాలి! పెళ్లి కుదిరితే పిచ్చి, పిచ్చి కుదిరితే పెళ్లి అన్నట్టు. చివరికి 2022లో డెవలపర్లు ఓటింగ్ పెట్టుకుని పద్ధతి మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ ఉంటోంది. అయితే దానికోసం విడి విభాగం పెట్టారు, వద్దనుకున్నవాళ్లు ఆపుకోవచ్చు. సిద్ధాంతాన్ని వదిలేశారని కొందరు విమర్శించారు గానీ, సిస్టమ్ తెరుచుకోని విద్యార్థికి సిద్ధాంతం ఏం ఉపయోగం? ఈ మార్పు సరైనదే.

ఇక మీ వంతు. ఈసారి వైఫై రాకపోతే డీమెసెజ్ కమాండ్ కొట్టి చూడండి. ఫలానా ఫైలు లోడ్ కాలేదు, ఎర్రర్ -2 అని కనిపించిందా? -2 అంటే ఆ పేరుతో ఫైలు దొరకలేదని. ఆ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో వెతికి, ఫోన్‌ను యూఎస్‌బీతో కలిపి నెట్ తీసుకుని వేసుకోండి. చేసింది రాసి పెట్టుకోండి. రెజ్యూమెలో 'లినక్స్ తెలుసు' అనే మాటకన్నా ఇంటర్వ్యూలో ఈ అనుభవం చెప్పడమే బాగా పనిచేస్తుంది.

అప్పుడు ఎదురయ్యే ప్రశ్న కూడా ఊహించుకోవచ్చు. డ్రైవర్‌ను మాడ్యూల్‌గా కాకుండా కెర్నల్‌లోనే కలిపి బిల్డ్ చేస్తే, ఫర్మ్‌వేర్ డిస్క్‌లో ఉన్నా ఎందుకు దొరకదు? డ్రైవర్ లేచే సమయానికి డిస్క్ ఇంకా మౌంట్ అయ్యుండదు కాబట్టి. ఫైలును ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో పెట్టాలి, లేదా కెర్నల్ ఇమేజ్‌లోనే కలపాలి. రెండోది చేసి ఆ కెర్నల్‌ను బయటివాళ్లకు ఇవ్వబోతే లైసెన్సు పేచీ మళ్లీ మొదటికొస్తుంది.