వేలు మాది, తప్పు మాది కాదు

యూరియా బస్తా కావాలంటే మిషను మీద వేలు పెట్టాలి. రేషన్ బియ్యానికి వేలు పెట్టాలి. ఈ-క్రాప్ నమోదుకు వేలు పెట్టాలి. అరెకరం పొలం కొన్నా అమ్మినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలు పెట్టాలి. అడిగిన ప్రతిచోటా పెట్టాం. పెట్టకపోతే పని జరగదు కాబట్టి పెట్టాం. ఆ వేలిముద్ర దొంగ చేతిలో పడి బ్యాంకు ఖాతా ఖాళీ అయిన రోజున మాత్రం అందరూ ఒకటే మాట: "మీరే జాగ్రత్తగా ఉండాల్సింది." ఈ మాటను మేము ఒప్పుకోం.

మా చింతలపూడి మండలంలో ఒక పెద్దాయన ఉన్నాడు. మూడెకరాల మామిడి తోట. కిందటి సీజనులో కాయ అమ్మిన డబ్బు ఖాతాలో వేసుకుని, వానలు పడ్డాక ఎరువులకు తీసుకుందామనుకున్నాడు. పాస్‌బుక్ ప్రింటు వేయిస్తే 10 వేలు చొప్పున రెండుసార్లు, మొత్తం 20 వేలు తీసినట్టు ఉంది. ఆ రెండు రోజులూ ఆయన తోట దాటి బయటికి రాలేదు. "నువ్వే ఎక్కడో వేలు పెట్టుంటావు తాతా, మర్చిపోయావేమో" అన్నాడు కౌంటరులో కుర్రాడు. "నా వేలు నా దగ్గరే ఉంది బాబూ" అన్నాడాయన. మేము నలుగురం వెంట వెళ్లి మూడుసార్లు తిరిగితే గానీ ఫిర్యాదు కాగితం మీద స్టాంపు వేయలేదు. డబ్బు ఇంకా రాలేదు. 20 వేలంటే ఆయనకు మూడేళ్లకు పైగా వచ్చే పీఎం కిసాన్ సొమ్ము.

ఇది ఎలా జరుగుతుందో ప్రతి రైతూ తెలుసుకోవాలి. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిని ఏఈపీఎస్ అంటారు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దీన్ని నడుపుతోంది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఖాతాకు ఆధార్ కలిపితే చాలా బ్యాంకుల్లో ఈ దారి దానంతట అదే తెరుచుకుంటుంది. కావాలా వద్దా అని రైతును అడిగినవాడు లేడు.

మరి వేలిముద్ర దొంగకు ఎలా దొరికింది? 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి దొరికాడు. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపులుగా చేసి, వేల సిమ్‌లు పనిచేయించాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచే వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసి జనం ఖాతాల్లో డబ్బు కాజేసింది. రెండు చోట్లా దొంగ రైతు ఇంటికి రాలేదు, రైతుకు ఫోన్ చేయలేదు. ప్రభుత్వం భద్రంగా దాచాల్సిన కాగితాన్ని ప్రభుత్వ వెబ్‌సైటులోంచే తీసుకుపోయాడు.

బ్యాంకు గోడ మీద పోస్టరు చూడండి. "ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు" అని ఉంటుంది. మంచి మాటే. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు తెరవొద్దని మేమూ ఊరూరా చెబుతూనే ఉన్నాం. కానీ ఓటీపీయే లేని మోసానికి ఆ పోస్టరు ఏం చేస్తుంది? పిన్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోగలమా?

ఆధార్ సంస్థ వేలిముద్రకు తాళం వేసుకునే వీలు ఇచ్చింది. అయితే దానికి ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు కావాలి. ముసలి రైతుకు ఆ నంబరు ఎప్పుడో పోయి ఉంటుంది, లేదా హైదరాబాదులో ఉన్న కొడుకు దగ్గర ఉంటుంది. పైగా వేలిముద్రకు తాళం వేస్తే వేలు పెట్టే ప్రతి పనీ ఆగుతుంది. తాళం వేస్తే యూరియా రాదు, తీస్తే డబ్బు ఉండదు. ఇదా రక్షణ?

ఏఈపీఎస్‌ను మూసేయమని మేము అనడం లేదు. బ్యాంకు పది మైళ్లు ఉన్న ఊళ్లో, నడవలేని ముసలమ్మకు గుమ్మం దగ్గర డబ్బు అందుతోంది. ఆ మేలు ఉండాలి. అయితే ఈ ఏర్పాటు వల్ల బ్యాంకులకు శాఖల ఖర్చు తగ్గింది, ప్రభుత్వానికి పని తేలికైంది. లాభం వాళ్లు పంచుకుని, నష్టం మాత్రం రైతు నెత్తిన వేస్తామంటే కుదరదు.

చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు ఖాతాదారుడిదీ బ్యాంకుదీ కాక వ్యవస్థలో మరెక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసిన ఖాతాదారుడికి నష్టం రూపాయి కూడా ఉండకూడదు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో పోయిన మొత్తాన్ని ఖాతాలో చూపాలి. 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుడిదే అని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది. "నువ్వే వేలు పెట్టుంటావు" అని నోటితో అంటే అది రుజువు కాదు. సమాచారమే పంపని బ్యాంకు గడువు దాటిందని అనడానికీ వీల్లేదు.

కాబట్టి డబ్బు పోయిందని తెలిసిన గంటలోనే 1930కి ఫోన్ చేయండి. బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. అక్కడి సహాయ నంబరు 14448. వేలిముద్రతో డబ్బు తీసే అవసరం లేనివాళ్లు ఆ సదుపాయాన్ని ఆపమని బ్యాంకులో అర్జీ ఇవ్వండి. ఖాతాకు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరే ఉందో లేదో చూసుకోండి.

ఇవి మనం చేసుకోవాల్సినవి. ప్రభుత్వమూ బ్యాంకులూ చేయాల్సినవి ఇవి:

రైతు సంతకం పెట్టి అడిగితే తప్ప ఏ ఖాతాకూ ఏఈపీఎస్ తెరవకూడదు. పాత దస్తావేజులతో సహా ఆన్‌లైన్‌లోనూ నకళ్లలోనూ వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కనబడకుండా చేయాలి. పోయిన డబ్బును పది పనిదినాల్లో ఖాతాలో వేయని బ్యాంకు మీద చర్య తీసుకోవాలి. ప్రతి రైతు సేవా కేంద్రంలో వేలిముద్ర తాళం వేసే, తీసే సహాయం ఉచితంగా అందించాలి. వేలిముద్రకు తాళం వేసుకున్న రైతుకు యూరియా ఆపకూడదు.

ఒక్కొక్కరు వెళితే కౌంటరు దగ్గరే తిప్పి పంపుతారు. ఆ పెద్దాయన వెంట నలుగురం వెళ్లాం కాబట్టే స్టాంపు పడింది. డబ్బు రావాలంటే నలభై మంది వెళ్లాలి. ఇలా డబ్బు పోయి, సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పనివాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. మీరు మోసపోలేదు, మీ సొమ్ము దోచుకున్నారు. వచ్చే మండల సమావేశానికి పాస్‌బుక్ తీసుకుని రండి. ఫిర్యాదులు అక్కడే రాద్దాం, బ్యాంకుకు కలిసే వెళదాం.