ప్రశ్నలు అడిగే షెల్టరే మంచి షెల్టర్

జంతు షెల్టర్‌కు వెళ్లి కుక్కనో పిల్లినో తెచ్చుకుందామనుకున్న వారికి చాలాచోట్ల ముందుగా చేతికొచ్చేది ఒక ఫారం. సొంతిల్లా, అద్దె ఇల్లా? అద్దెదైతే ఓనర్ ఒప్పుకున్నారా? పగటిపూట ఇంట్లో ఎవరుంటారు? ఇంతకుముందు పెంచిన జంతువు ఏమైంది? సంక్రాంతికి అందరూ ఊరెళితే దీన్ని ఎవరు చూసుకుంటారు? ఆ తర్వాత ఎవరో ఒకరు ఇల్లు చూసి వెళతారు. కుక్కను పంపించాక కూడా ఫోన్ చేసి ఎలా ఉంది, ఏం తింటోంది అని అడుగుతారు, ఫొటో పెట్టమంటారు. ఇదంతా చాలామందికి మనసు కష్టపెట్టే వ్యవహారం. దిక్కులేని ప్రాణికి నీడ ఇస్తామని వస్తే దొంగను విచారించినట్టు విచారిస్తారేమిటి అని నొచ్చుకుంటారు. కొందరు అక్కడినుంచే వెనక్కి తిరిగి, డబ్బులు పెట్టి కుక్కపిల్లను కొనుక్కుంటారు. ఆ నొప్పిని తక్కువ చేయలేం. అయినా ఆ ప్రశ్నలు ఉండాల్సిందేనని, ఈ రెండు మూడేళ్లలో అవి మునుపటికన్నా ఎక్కువ అవసరమని నా గట్టి నమ్మకం.

ఇప్పుడే ఎందుకంటే, షెల్టర్ల మీద ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల విషయంలో తన మునుపటి ఉత్తర్వును సవరించింది. సంతాన నిరోధక ఆపరేషన్, టీకా అయిన కుక్కలను పట్టుకున్నచోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, మీదపడే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలకూడదని చెప్పింది. ఆ ఉత్తర్వులోనే అంతగా ఎవరూ పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. జంతుప్రేమికులు మునిసిపాలిటీకి దరఖాస్తు చేసుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు, అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత మాత్రం వాళ్లదే. నవంబరు 7న కోర్టు మరో అడుగు వేసి బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడే వదలకూడదని ఆదేశించింది. మన నగరాలు కూడా దత్తత వైపు చూస్తున్నాయి. ఆ ఆగస్టులోనే జీహెచ్ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. మంచి పని, ఇంకా జరగాలి. నా భయమల్లా లెక్క గురించి. షెల్టర్లు నిండుతున్నకొద్దీ ఎన్ని కుక్కలను పంపించామన్నదే ఘనతగా మారుతుంది. ఏడాది తర్వాత వాటిలో ఎన్ని ఆ ఇళ్లలోనే ఉన్నాయని అడిగేవాళ్లు ఉండరు.

ఎవరూ ఏమీ అడగకపోతే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి పెంపుడు జంతువుల వ్యాపారాన్ని చూస్తే చాలు. మనకు 2017 నుంచి కుక్కల పెంపకం, అమ్మకాలపై నిబంధనలున్నాయి, 2018 నుంచి పెట్ షాపుల నిబంధనలున్నాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, తల్లికి పద్దెనిమిది నెలలు నిండకుండా ఈనించకూడదు, దాని జీవితకాలంలో ఐదు ఈతలు దాటకూడదు, వ్యాపారి రిజిస్టర్ చేసుకోవాలి. ఇవన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. కానీ ఫోన్‌లో ప్రకటన చూసి, డబ్బు పంపి, పిల్లను తెప్పించుకునే కొనుగోలుదారును నీ ఇంట్లో దీనికి చోటుందా అని అడిగేవారు లేరు. అందుకే మంచుదేశంలో బండ్లు లాగడానికి పుట్టిన సైబీరియన్ హస్కీ హైదరాబాద్ మేడ మీది రెండు గదుల్లో మే నెల గడుపుతుంది. ముక్కు అణిగిన పగ్ కాస్త ఎండకే ఎగరొప్పుతుంది. జుట్టు రాలడం మొదలయ్యాక, వైద్యం ఖర్చు తెలిశాక, ఉద్యోగం వేరే ఊరికి మారాక, పిల్లలు అమెరికా వెళ్లాక ఆ కుక్కలు ఏ షెల్టర్ గేటు దగ్గరో ఔటర్ రింగ్ రోడ్డు పక్కనో తేలుతాయి. ఇలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. వేలు పోసి కొన్న ప్రాణిని రోడ్డు మీద దించేస్తే పడే శిక్ష ఇది. చట్టం కాపలా కాయలేని చోట ఆ నాలుగు ప్రశ్నలే కాపలా.

షెల్టర్ వాళ్లు కాలయాపన చేస్తున్నారని అనిపించే చాలా సందర్భాల్లో వెనుక వైద్య కారణం ఉంటుంది. కుక్కపిల్లలను ఎక్కువగా చంపే జబ్బుల్లో పార్వో ఒకటి. వైరస్ సోకిన కొన్ని రోజుల దాకా పిల్ల హుషారుగానే ఆడుతుంది, తర్వాతే వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలవుతాయి. కాబట్టి ఇవాళ చూసి ముచ్చటపడ్డ పిల్లను వారం ఆగి రమ్మని చెప్పే షెల్టర్ ఆ కుటుంబానికి మేలే చేస్తోంది. రేబిస్ టీకా మామూలుగా మూడు నెలల వయసుకు వేస్తారు. అంటే రెండు నెలల పిల్లను తీసుకెళ్లే ఇంటికి ఈ సంగతి విడమరచి చెప్పాలి, టీకా తేదీ రాగానే గుర్తుచేయాలి. పిల్లదే కదా అని గాటును తేలిగ్గా తీసుకోవడం ఎంత ప్రమాదమో 2025లో ఉత్తరప్రదేశ్‌లో చూశాం. కాలువలో పడిన కుక్కపిల్లను కాపాడబోయి చిన్న గాటు పడ్డ ఒక యువ కబడ్డీ ఆటగాడు టీకా వేయించుకోక రేబిస్‌తో చనిపోయాడు. ఇక సంతాన నిరోధక ఆపరేషన్ సాధారణంగా ఆరు నెలలు నిండాకే చేస్తారు. మేళాలో పంచిన రెండు నెలల ఆడ కుక్కపిల్లకు ఆ ఆపరేషన్ జరగాలంటే నాలుగు నెలల తర్వాత ఎవరో ఫోన్ చేయాలి. చేయకపోతే అది ఏదో ఒకరోజు గేటు దాటుతుంది, ఆపైన రెండు నెలలకు నాలుగో ఆరో పిల్లలు. వీధిలో సంఖ్య తగ్గించాలని మొదలుపెట్టిన పనే సంఖ్యను పెంచుతుంది. దత్తత తర్వాత వచ్చే ఆ ఫోన్‌కాల్ మన మీద అనుమానంతో చేసేదని అనుకోవడం వల్లే దాని విలువ మనకు తెలియడం లేదు.

వైద్యం కన్నా కష్టమైనది మొదటి నెల. షెల్టర్ నుంచి వచ్చిన కుక్క కృతజ్ఞతతో కాళ్ల దగ్గర పడుకుంటుందని సినిమాలు మనకు నేర్పాయి. నిజంలో అది మంచం కిందికి దూరుతుంది, రెండు రోజులు అన్నం ముట్టదు, రాత్రంతా ఏడుస్తుంది, ఇల్లంతా తడుపుతుంది, చెప్పులు కొరికేస్తుంది. కుక్కర్ కూతకు, చీపురు చప్పుడుకు ఉలిక్కిపడుతుంది. దీపావళి దగ్గర పడితే చెప్పనక్కర్లేదు, టపాకాయల మోతకు బెదిరి తప్పిపోయే కుక్కలు ఏటా ఉంటాయి. ఈ రంగంలో అనుభవమున్నవాళ్లు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అన్న నిబ్బరం రావడానికి మూడు నెలలు. ఈ లెక్క ముందే తెలిసిన కుటుంబం ఓర్చుకుంటుంది. తెలియని కుటుంబం పదో రోజుకు ఇది మంచి కుక్క కాదని తేల్చేస్తుంది. వెనక్కి వచ్చే జంతువుల్లో ఎక్కువ భాగం తొలి వారాల్లోనే వస్తాయి, చాలాసార్లు కారణం ప్రవర్తనే. పగలు ఇంట్లో ఎవరుంటారన్న ప్రశ్న ఈ నెల రోజుల కోసమే పుట్టింది.

ఇక్కడే ఇంకో మాట. మేళాలకు వెళ్లేవారంతా కుక్కపిల్లలనే అడుగుతారు. మూడేళ్ల కుక్క, కాలు పోయిన కుక్క, నల్ల కుక్క ఎవరి కంటా పడవు. పిల్లను పెంచితే మనకు అలవాటవుతుందన్న వాదనలో కొంత నిజం ఉంది. అయితే పిల్ల పెద్దయ్యాక ఎంత ఎదుగుతుందో, ఎంత ఉషారుగా ఉంటుందో, పసివాళ్లతో ఎలా మసలుతుందో ఊహే తప్ప ఎవరూ చెప్పలేరు. ఎదిగిన కుక్క గురించి షెల్టర్‌లో దానికి అన్నం పెట్టే మనిషి చెప్పగలడు. ఇది పిల్లులను తరుముతుంది, ఇది ముసలివాళ్ల దగ్గర నెమ్మదిగా ఉంటుంది, దీన్ని ఒంటరిగా వదిలితే అరుస్తుంది అని. రిటైరైన దంపతులకు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంటికి నిదానమైన పెద్ద కుక్క సరిపోయినంతగా రెండు నెలల పిల్ల సరిపోదు. ఈ జత కుదర్చడానికి కూడా ఆ ఫారం తప్ప వేరే దారి లేదు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది, న్యాయమైనది ఒకటుంది. ఈ ప్రశ్నలు చివరికి డబ్బున్నవాళ్లకు, సొంత ఇళ్లున్నవాళ్లకు కుక్కలు ఇచ్చి, అద్దె ఇళ్లవాళ్లను, ఒంటరిగా ఉండే యువతీయువకులను, బస్తీల్లో ఉండేవాళ్లను గేటు దగ్గరే ఆపేస్తాయని. కొన్నిచోట్ల అలా జరుగుతోంది కూడా, జరగకూడదు. మన వీధుల్లో కుక్కను పెరుగన్నం పెట్టి సాకుతున్నది ఎక్కువగా మేడలు లేనివాళ్లే. అమెరికాలో షెల్టర్లు ఈ తప్పును ముందే చేసి దిద్దుకున్నాయి. కంచె ఉందా, ఆదాయమెంత అని టిక్కులు పెట్టే పద్ధతి వదిలి, కూర్చుని మాట్లాడి ఏ జంతువు ఎవరికి కుదురుతుందో తేల్చే పద్ధతికి అక్కడి చాలా సంస్థలు మారాయి. డబ్బు కట్టినవాళ్లే జంతువును బాగా చూసుకుంటారన్న నమ్మకాన్నీ అక్కడ పరీక్షించారు. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఉచితంగా పెద్ద పిల్లులను తీసుకున్నవారికి, రుసుము కట్టి తీసుకున్నవారికి మమకారంలో తేడా కనబడలేదు. కాబట్టి అడగాల్సింది హోదా గురించి కాదు, ఏర్పాటు గురించి. అద్దె ఇల్లయినా ఓనర్‌తో మాట్లాడారా, ఇల్లు మారాల్సి వస్తే ఏం చేస్తారు అన్నది చాలు. ఆ అద్దె ఇంటి ఓనర్ మన ఉద్యోగం, కులం, వంట దాకా ఆరా తీసినా కిమ్మనకుండా చెబుతాం. పదేళ్లకు పైగా బతికే ప్రాణిని అప్పగించే మనిషికి నాలుగు జవాబులు చెప్పడం చిన్నతనం కాదు. ఇక అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కుక్కలు వద్దని తీర్మానాలు చేస్తే భయపడనక్కర్లేదు. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే స్పష్టం చేసింది. ఈ సంగతి షెల్టర్లే దత్తతకు వచ్చినవారికి చెప్పి, అవసరమైతే వారి తరఫున మాట్లాడాలి.

వీధుల్లో అన్ని కుక్కలుంటే ఇంత నిదానమా అని ఇంకొందరు అడుగుతారు. 2019 పశుగణన దేశంలో వీధికుక్కలు కోటీ యాభై మూడు లక్షలని లెక్కగట్టింది. ఎన్ని మేళాలు పెట్టినా ఇంత సంఖ్యను ఇళ్లలోకి చేర్చలేం. సంఖ్యను తగ్గించేది ఆపరేషన్లు, టీకాలే. ఆ పని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలదే, దత్తత మేళాలను చూపించి వాళ్లు దాన్నుంచి తప్పుకోవడానికి వీల్లేదు. దత్తత చేయగలిగింది వేరే. షెల్టర్‌లో ఒక బోను ఖాళీ అయితే రోడ్డు ప్రమాదంలో నడుం విరిగిన ఇంకో కుక్కకు చోటు దొరుకుతుంది. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూ క్రాస్, విశాఖలో 1996లో మొదలైన వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలకు దత్తత ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది. తొందరపడి ఇచ్చిన కుక్క నెలకే తిరిగొస్తే ఆ బోను మళ్లీ నిండుతుంది, ఈసారి ఆ కుక్క ఇంకాస్త బెదిరి, మనుషుల్ని ఇంకాస్త నమ్మకుండా వస్తుంది.

పసిపిల్లలున్న ఇంటికి చరిత్ర తెలియని కుక్కను ఎలా తెస్తామన్నది తల్లిదండ్రుల భయం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని వీధికుక్కలు చంపిన దృశ్యం తెలుగువాళ్లు ఎవరూ మరచిపోలేదు. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఈ భయాన్ని కుక్కలంటే పడనివాళ్ల మాటగా కొట్టిపారేసే జంతుప్రేమికులు తమ పనికే చేటు చేస్తున్నారు. షెల్టర్ ఆ తల్లిని ఇంట్లో పిల్లల వయసెంత అని అడగాలి, ఆ జవాబునుబట్టి కొన్ని కుక్కలను ఆ ఇంటికి ఇవ్వనని నిక్కచ్చిగా చెప్పాలి. ఇవ్వదగిన కుక్క అయినా అన్నం తింటున్నప్పుడు పిల్లవాణ్ణి దగ్గరికి పోనివ్వొద్దని, ఇద్దరినీ ఒంటరిగా వదలొద్దని నేర్పి పంపాలి. చరిత్ర తెలియదనే మాట కొన్న పిల్లకూ వర్తిస్తుంది. దాని తల్లి ఏ చీకటి కొట్లో ఎన్ని ఈతలు ఈనిందో అమ్మినవాడు చెప్పడు.

ఇతర దేశాలు ఈ ప్రశ్నలను చట్టంలోకే తెచ్చాయి. ఫ్రాన్స్‌లో కుక్కను గానీ పిల్లిని గానీ తీసుకునేవారు దాని అవసరాలు, ఖర్చులు తెలుసుకున్నామని ముందుగా సంతకం చేసి, ఏడు రోజులు ఆగాలి. 2024 జనవరి నుంచి అక్కడి పెట్ షాపుల్లో కుక్కపిల్లలను, పిల్లిపిల్లలను అమ్మకూడదు. మనకు అంత దూరం పోవడానికి ఇంకా సమయం పట్టొచ్చు. మన కార్పొరేషన్లు వచ్చే మేళా నుంచే చేయగలిగినవి మాత్రం ఉన్నాయి. పిల్లను ఇచ్చే రోజే టీకా, ఆపరేషన్ తేదీలున్న కార్డు చేతికివ్వాలి, ఆ తేదీలకు దగ్గరి వెటర్నరీ ఆస్పత్రిలో ఉచితంగా చేయాలి. మొదటి నెలలో ఫోన్ చేసి సలహా చెప్పే మనిషిని ఒకరిని పెట్టాలి. కుదరనప్పుడు రోడ్డు మీద వదలకుండా వెనక్కి తెచ్చి ఇచ్చేవారిని నిందించకుండా తీసుకోవాలి. ఎన్ని పంచామన్న ప్రకటన పక్కనే, పోయినసారి పంచినవాటిలో ఎన్ని ఆ ఇళ్లలో ఉన్నాయో, ఎన్నిటికి ఆపరేషన్ అయిందో కూడా పత్రికలకు చెప్పాలి. ఆ లెక్క విడుదల చేయమని అడగాల్సింది పన్ను కట్టే మనమే.