మృత్యువును తీసేసిన పేక

జోస్యం చెప్పే టారో పేక భయపెడుతుందట. 78 ముక్కలు ఎవరు నేర్చుకుంటారట. దేవదూతల సందేశాలంటూ అమ్మే ఏంజెల్ కార్డులు హాయిగా ఉంటాయట! ఈ హాయి మీదే నా కోపం.

ముందే చెబుతున్నాను, రేపేం జరుగుతుందో రెండింటికీ తెలియదు. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీ ప్రభువులు ఆడుకున్న పేక. అది ఈజిప్టు ప్రాచీన జ్ఞానమని 1781లో కూర్ ద జెబెలాఁ రాసింది ఆధారం లేని మాట. దాన్ని ఇవాళ్టికీ అమ్ముకునేవాళ్ళు మోసగాళ్ళే. అయినా ఆ పేకకు వెన్నెముక ఉంది. 22 పెద్ద ముక్కలు. కర్రలు, కప్పులు, కత్తులు, నాణేలుగా 56 చిన్నవి. 1909లో లండన్‌లో ఆర్థర్ వెయిట్ కోసం పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన బొమ్మలు చూడండి. తెల్ల గుర్రమెక్కి అస్థిపంజరం వస్తుంది. దాని కింద రాజు పడి ఉన్నాడు, ఎదురుగా బిషప్పు చేతులు జోడించాడు, అది ఎవరి కోసమూ ఆగదు. పిడుగు పడ్డ బురుజు మీంచి మనుషులు రాలిపోతారు. మూడు కత్తులు దిగిన గుండె వెనక వాన. ఇలాంటి ముక్క చేతికొస్తే, ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన ప్రశ్న ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.

మరి ఏంజెల్ టారో అనే కట్ట తయారుచేసిన డోరీన్ వర్చ్యూ, రాడ్లీ వాలెంటైన్ ఏం చేశారు? మృత్యువును తీసేసి 'విడుదల' అన్నారు. సైతాను 'అహం' అయ్యాడు. కూలే బురుజు 'జీవితానుభవం' అయింది. 2017లో వర్చ్యూ క్రైస్తవం పుచ్చుకుని తన కార్డులన్నిటినీ కాదంది. కొనేవాళ్ళు మాత్రం వదల్లేదు.

"బాధలో ఉన్నవాళ్ళకు కాస్త ఊరట దొరికితే మీకేం నష్టం?" అంటారు. గాయం చూడనివాడు ఇచ్చేది ఊరటా? భర్త చేతిలో దెబ్బలు తింటున్న మనిషి ముక్క తీస్తే 'నమ్మకం ఉంచు, అంతా సర్దుకుంటుంది' అని వస్తుంది. కొట్టినవాడు అదే కట్టలోంచి తీస్తే 'నిన్ను నువ్వు క్షమించుకో' అని వస్తుంది. ఇద్దరినీ దేవదూతలే దీవిస్తారు. ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.

మీ కట్ట ఇప్పుడే తీసి పరవండి. 'తప్పు నీదే' అనే ముక్క ఒక్కటి చూపించండి. 'అక్కణ్ణుంచి బయటపడు' అనేది ఒక్కటి. లేదా? అయితే దాన్ని మార్గదర్శనం అనకండి. డబ్బు పోసి ముఖస్తుతి కొనుక్కున్నానని ఒప్పుకోండి.