దిష్టికి నిమ్మకాయ, దిగులుకు?

మన తీరంలోని వాడరేవు ఊరి పేరులోనే ఓడ ఉంది. బోటు ముక్కున నిమ్మకాయ, మిరపకాయలు కట్టడం మనకు అలవాటు. సముద్రం మీదికి పోయేవాడికి చెడుచూపు తగలకూడదని.

ఓడకూ నిమ్మకాయకూ నిజంగానే పాత సంబంధం ఉంది. 1747లో శాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద 12 మంది నావికులు సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీతో నీరసించి పడి ఉన్నారు. వైద్యుడు జేమ్స్ లిండ్ వాళ్లను జంటలుగా విడదీసి, ఒక జంటకు సముద్రపు నీళ్లు, ఇంకో జంటకు వెనిగర్, మరో జంటకు నారింజ, నిమ్మ, ఇలా జంటకో మందు ఇచ్చాడు. అందరికంటే ముందు లేచింది పండ్లు తిన్న జంటే. నిమ్మకాయ కాపాడింది ఓడకు కట్టినందుకు కాదు, కడుపులో పడ్డందుకు. అది తేలాక కూడా ఆ నౌకాదళం నిమ్మరసాన్ని అధికారికంగా ఒప్పుకోవడానికి 1795 దాకా పట్టింది. పాత అలవాటు ఎక్కడైనా మొండిదే.

ఇక మన ఇళ్ల సంగతి. ఉద్యోగం రాక కుర్రాడు గదిలోంచి బయటికి రాకపోతే "దిష్టి తగిలింది" అంటాం. ఉప్పు, ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తాం. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. దిష్టి లేనివాడికీ అవే కాయలు తిప్పి, అదే పొయ్యిలో వేసి, మిరప పండించే ఈ గడ్డ మీద ఎవరైనా పోల్చి చూశారా? అదే కుర్రాడు జామకాయ అందుకుంటే మాత్రం "జలుబు చేస్తుంది", బొప్పాయి అయితే "వేడి" అని లాక్కుంటాం. జలుబు తెచ్చేది వైరస్. జామలో సి విటమిన్ నిమ్మలోకన్నా కొన్ని రెట్లు ఎక్కువ.

మరి పండుకూ దిగులుకూ లంకె ఉందా? న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు పోల్చి చూసి 2017లో ఫలితాలు ప్రచురించారు. 18-25 ఏళ్లవాళ్లు 171 మంది, 14 రోజులు. ఒక గుంపు మామూలు తిండే తింది. ఒక గుంపుకు పండ్లు, కూరగాయలు తినమని ఫోన్లో సందేశాలు, కొనుక్కోవడానికి వోచరు. మూడో గుంపుకు క్యారెట్లు, ఆపిల్, కివీ, నారింజల్లాంటివి నేరుగా చేతికిచ్చారు. ఉత్సాహం, పనిమీద ఆసక్తి పెరిగింది ఈ మూడో గుంపులోనే. కుంగుబాటు లక్షణాల్లో, ఆందోళనలో మాత్రం తేడా రాలేదు.

హేతువాది జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. రెండు వారాలు చిన్న గడువు. పైగా పండ్లు తింటున్నామని వాళ్లకు తెలుసు. ఒకరు పిలిచి చేతిలో పండు పెడితే ఎవరికైనా కాస్త హుషారు వస్తుంది. కాబట్టి "పండు తింటే డిప్రెషన్ పోతుంది" అని వాట్సాప్‌లో తిప్పేవాడు, మిరపకాయలు తిప్పేవాడికి తమ్ముడే.

రావిపూడి వెంకటాద్రి ఏళ్ల తరబడి 'హేతువాది' పత్రిక నడిపిన చీరాల వాడరేవు ఒడ్డుకు పక్కనే. పోల్చి చూసి నమ్మమనడం ఇక్కడ కొత్త మాట కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది. అది ఒంటికి తిండి, మంత్రం కాదు. బోటుకు కట్టబోయే నిమ్మకాయను మజ్జిగలో పిండి పిల్లాడి చేతికివ్వండి, పక్కన కూర్చుని మాట కలపండి. దిగులు రెండు వారాలు దాటినా, చావు మాట నోట వచ్చినా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. ఫోన్ ఉచితం.